చెవులు కుట్టని ఇంట్లో పచ్చబొట్టు

నాకు చెవులు కుట్టించలేదు. నాకే కాదు, మా అక్కకీ, అమ్మకీ కూడా. ఇక ముక్కుపుడక సంగతి చెప్పేదేముంది! మెడలో గొలుసు, చేతికి గాజులు, నుదుట బొట్టు... ఏవీ ఉండేవి కావు. గుంటూరు జిల్లాలో మేం పెరిగిన ఊళ్లో మమ్మల్ని దూరం నుంచి చూసే చెప్పేసేవారు, 'వీళ్లు విశ్వాసుల పిల్లలు' అని. పేరు అడగక్కర్లేదు, ఇల్లు అడగక్కర్లేదు. చెవి తమ్మె చూస్తే చాలు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. తెలుగు క్రైస్తవులందరూ ఇలా ఉండరు. లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాల్లో, కథోలిక కుటుంబాల్లో ఆడవాళ్లు కమ్మలు, గొలుసులు పెట్టుకుంటారు. పెళ్లిలో సిలువ గుర్తున్న మంగళసూత్రం కట్టించుకునేవాళ్లూ ఉన్నారు. బ్రదరన్ సంఘాల్లో, బ్రదర్ భక్తసింగ్ పరిచర్యతో మొదలైన సంఘాల్లో, పెంతెకొస్తు సంఘాల్లో మాత్రం చాలాచోట్ల నగలు కనపడవు. బాప్తిస్మం తీసుకునేనాటికే కమ్మలు తీసి పక్కన పెట్టేస్తారు. మాది అలాంటి సంఘం.

తెలిసినవాళ్లకు ఇది భక్తి. తెలియనివాళ్లకు వింత. 'అదేంటమ్మా, ఆడపిల్లవి, బోసి చెవులేంటి?' అని బస్సులో పక్కసీటు పెద్దావిడ దగ్గర్నుంచి ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల దాకా అందరూ అడిగినవాళ్లే. పెళ్లి కుదిరినప్పుడు మా అత్తగారూ అడిగారు. వాళ్లది సీఎస్ఐ కుటుంబం. 'కుట్టించుకుంటే బాగుంటుందేమో చూడమ్మా' అన్నారు. 'ఇలాగే అలవాటైపోయింది అత్తయ్యా' అన్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. నా చెవులు ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరో వద్దన్నారని కాదు, నాకు ఇలాగే ఇష్టం కాబట్టి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... 2022లో మా ఇంట్లోకి ఒక పచ్చబొట్టు వచ్చింది. చెవికి చిన్న రంధ్రం పెట్టడానికే రెండు తరాలుగా ఒప్పుకోని ఇల్లు. అక్కడ ఆడపిల్ల చేతిమీద టాటూ అంటే ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించండి!

నాన్న దస్తూరీ

మా బావగారు 2021 మే నెలలో కరోనాతో పోయారు. అప్పటికి అక్క కూతురికి పద్దెనిమిదేళ్లు. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దయిన సంవత్సరం అది. ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నారాయన. ఒక్కరోజు కూడా పిల్లను లోపలికి పంపలేదు. అక్కడి నుంచి నేరుగా సమాధుల తోటకే తీసుకెళ్లారు. తండ్రి ముఖం సరిగా చూసుకోనేలేదు.

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్ల సెలవు పెట్టుకుని వచ్చింది. ప్రార్థన అయ్యాక భోజనాలు వడ్డిస్తుంటే కుడి మణికట్టు లోపలివైపు నల్లటి అక్షరాలు కనపడ్డాయి. 'చిట్టీ' అని. రెండే అక్షరాలు. దాన్ని ఆ పేరుతో పిలిచింది ఒక్క వాళ్ల నాన్నే. పదో పుట్టినరోజుకు ఆయన కొనిచ్చిన బైబిల్ మొదటి పేజీలో రాసిన మాట అది. ఆ పేజీ ఫోన్లో ఫొటో తీసుకుని టాటూ స్టూడియోకు వెళ్లి, అచ్చం ఆయన దస్తూరీలోనే పొడిపించుకుంది.

చుట్టాల ముందు అక్క ఏమీ అనలేదు. నేను తిరుగు బస్సెక్కిన గంటకు ఫోన్ మోగింది.

'చూశావా దాని ఘనకార్యం? నువ్వైనా చెప్పవే. పేపర్లో అందరికీ చెబుతుంటావుగా!'

'పొడిపించుకున్నాక ఏం చెప్పనక్కా?'

'తీయించేసుకోమను. వాక్యంలో స్పష్టంగా ఉంది, లేవీయకాండం పంతొమ్మిది ఇరవై ఎనిమిది. సెలవులకొస్తే సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పే పిల్ల ఇలాగేనా చేసేది? పెద్దలు ఊరుకుంటారా? రేపు సంబంధాలొస్తే ఏం చెప్పుకోను?'

దేవుడు, సంఘం, సంబంధం. మూడు భయాలు ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆ తర్వాత ఇలాంటి ఇళ్లలో ఎందరు తల్లులతో మాట్లాడినా ఈ మూడే వినపడ్డాయి. వరసే కొంచెం అటూ ఇటూ అవుతుంది.

వాక్యంలో ఏముంది?

అక్క చెప్పిన వచనం నిజంగానే ఉంది. చనిపోయినవాళ్ల కోసం ఒళ్లు కోసుకోవద్దని, పచ్చబొట్లు పొడుచుకోవద్దని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. మన తెలుగు బైబిల్‌లో 'పచ్చబొట్లు' అన్న మాటే వాడారు కాబట్టి మనవాళ్లకు అనుమానం లేదు.

కానీ పిల్ల ఊరికే లేదు. వాళ్లమ్మ అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధం చేసుకుని మరీ వచ్చింది. 'పిన్నీ, దాని పై వచనం చదివావా? గడ్డం అంచులు గొరుక్కోవద్దని ఉంది. మన పెద్దలందరూ శనివారం సాయంత్రం నున్నగా గీసుకునేగా ఆదివారం వచ్చేది! అదే అధ్యాయంలో రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కట్టొద్దని ఉంది. మరి పాలిస్టర్ కాటన్ చొక్కాల సంగతేంటి?'

నవ్వొచ్చింది. అయినా తీసిపారేసే మాట కాదు. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో యెరూషలేము పెద్దలు కూర్చుని తేల్చిన విషయమే ఇది... యూదులు కాని విశ్వాసుల మీద ధర్మశాస్త్రం మొత్తం బరువు పెట్టొద్దని. ఆ నిర్ణయం వల్లే మన ఇళ్లలో సున్నతి లేదు. మిగతావన్నీ పక్కన పెట్టి పచ్చబొట్టు ఒక్కటే పట్టుకుంటామంటే పిల్లలు అడగరా మరి!

కుట్టించుకోవడం సంగతి ఇంకా తమాషా. ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయంలో అబ్రాహాము సేవకుడు రిబ్కాకు ముక్కుకమ్మి పెడతాడు, చేతులకు కడియాలు తొడుగుతాడు. యెహెజ్కేలు పదహారో అధ్యాయంలో దేవుడే యెరూషలేమును ఒక అమ్మాయిగా చూపిస్తూ ముక్కుకు, చెవులకు నగలు పెట్టానంటాడు. అదే బైబిల్‌లో యాకోబు ఇంటివాళ్ల చెవిపోగులు తీయించి షెకెము దగ్గర చెట్టుకింద పాతిపెడతాడు. ఇశ్రాయేలీయులు చెవుల బంగారం తీసి ఇస్తే అది దూడ విగ్రహమవుతుంది. ఎవరికి కావాల్సిన వచనం వాళ్లకు దొరుకుతుంది.

ఇక పేతురు, పౌలు రాసిన పత్రికలు. జడలు అల్లుకోవడం, బంగారం, ఖరీదైన బట్టలు... ఇవి కాదు అలంకారం, లోపలి మనసే అలంకారం అంటారు. మా సంఘంలో నగలు మానడానికి ఆధారం ఇదే. మంచిదే. కానీ జడ వేసుకోని క్రైస్తవ అమ్మాయిని నేనింతవరకు చూడలేదు. మెడ బోసిగా ఉంచుకుని ఇరవై వేల పట్టుచీర కట్టుకుని వస్తే పౌలు మెచ్చుకుంటాడా? ఆయన బెంగ చెవి రంధ్రం గురించి కాదు. ఉన్నవాళ్లు ఆరాధనలో తమ కలిమి చూపించుకుంటే లేనివాళ్లు చిన్నబోతారన్నది ఆ మాటల్లో నాకు వినపడే బాధ.

ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. ఆ వచనంలో 'చనిపోయినవాళ్ల కోసం' అని ఉంది. పిల్ల పొడిపించుకున్నదీ చనిపోయిన తండ్రి కోసమే. గడ్డం, పాలిస్టర్ అంటూ దీన్ని దాటేయలేం. అదే అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది... 'నాన్న కోసం ఒళ్లు కోసుకోలేదు పిన్నీ. నాన్న నన్ను పిలిచిన పిలుపు నాకు కావాలి. ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా పిలిపించుకుని ఉంటే ఇది అక్కర్లేకపోను.'

ఆ ధర్మశాస్త్రం పుట్టిన కాలంలో చుట్టుపక్కల జాతులవాళ్లు చావింట ఒళ్లు గాట్లు పెట్టుకుని, రక్తం కార్చి దుఃఖం చూపేవారు. బబులోనులో బానిసల చేతిమీద యజమాని పేరు గుర్తు వేసేవారు. ఒంటిమీద గుర్తు అంటే 'నేను ఫలానావాళ్ల సొత్తు' అని చెప్పడం. మీరు చావుకీ కాదు, మరో యజమానికీ కాదు, నా సొత్తు అంటున్నాడు ఆ దేవుడు. అందుకే ఆ వచనం ఆయన తన పేరు చెప్పుకోవడంతో ముగుస్తుంది. నాకర్థమైనంతలో అసలు ప్రశ్న సిరా గురించి కాదు. నువ్వెవరి దానివి అని. కొత్త నిబంధనలో పౌలు మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయం అన్నా, అది మన సొత్తు కాదన్నా అదే ప్రశ్న.

నాయనమ్మ చెయ్యి

ఇంత రభస జరుగుతుంటే నాకు మా నాయనమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ముంజేతి నిండా పచ్చబొట్లే. ముగ్గులాంటి చుక్కలు, గీతలు, వాటి మధ్య ఒక తేలు. పదేళ్ల వయసులో ఎరుకల ఆవిడ ఇంటికొస్తే అరుగుమీద కూర్చోబెట్టి పొడిపించారట. నాలుగు సూదులు కలిపి కట్టి, దీపం మసి ఆకుపసరులో కలిపి పొడిచేవారని చెప్పేది. నొప్పికి ఏడుస్తుంటే పాట పాడేవారట. కూలి శేరు జొన్నలు. చర్మం కిందకు చేరిన మసి కొన్నాళ్లకు ఆకుపచ్చగా కనపడుతుంది కాబట్టే దానికి పచ్చబొట్టని పేరు. నగలన్నీ ఇక్కడే వదిలేసి పోవాలి, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని ఊళ్లో ఆడవాళ్ల నమ్మకం.

ఇద్దరు బిడ్డల తల్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది నాయనమ్మ. కమ్మలు తీసేసింది, ముక్కుపుడక తీసేసింది. సాగిన చెవి రంధ్రాలు, చేతిమీది తేలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అవి తీసేవి కావుగా! లేజర్ లేని రోజులు. ఎవరూ ఆవిణ్ని చెయ్యి కప్పుకోమనలేదు. ఆ చేతులతోనే ప్రతి శనివారం ప్రభువు బల్లకు రొట్టె కాల్చేది. నాకు ఊహ తెలిసేసరికే ముప్ఫై ఏళ్లుగా సంఘమంతా తేలు బొమ్మ ఉన్న ఆ చేతి రొట్టె తింటోంది!

ఒక్క మా నాయనమ్మేనా? 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. క్లౌ దొరగారి కాలం నాటి ఆ సంగతి తెలుగు బాప్టిస్టులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నీళ్లలో దిగిన ఆడవాళ్లలో ఎందరి చేతులమీద పచ్చబొట్లున్నాయో ఎవరూ లెక్క పెట్టలేదు. లెక్కపెట్టాల్సిన విషయమని ఎవరికీ అనిపించి ఉండదు.

బయటి క్రైస్తవ లోకం చూసినా ఇంతే. ఈజిప్టులో కోప్టిక్ క్రైస్తవులు మణికట్టు లోపలివైపు చిన్న సిలువ పొడిపించుకుంటారు. పసిపిల్లలకు కూడా పొడిపిస్తారు. ఇథియోపియాలో నుదుటిమీదే సిలువ పొడిపించుకునే ఆడవాళ్లున్నారు. యెరూషలేములో రజ్జూక్ అనే కుటుంబం తరతరాలుగా యాత్రికులకు సిలువ పచ్చబొట్లు వేస్తోంది. తమ వృత్తికి ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉందని వాళ్లు చెప్పుకుంటారు. మరోవైపు, నాలుగో శతాబ్దంలో రోమ్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ శిక్షపడ్డవాళ్ల ముఖం మీద పచ్చబొట్టు వేయొద్దని చట్టం చేశాడు. ముఖంలో దైవ సౌందర్యపు పోలిక ఉంటుంది, దాన్ని పాడు చేయొద్దన్నది కారణం. ఒక మతంలోనే ఒకచోట భక్తి అనిపించుకున్నది మరోచోట తప్పయింది.

తీయడానికి ఏమీ లేని ఒళ్లు

ఇలా రాశాను కదా అని అక్కది చాదస్తమని అనుకోకండి. ఆ బోసితనం వెనక చాలా ఉంది.

మన సంఘాల్లో చేరిన కుటుంబాల్లో ఎక్కువ భాగం దళిత పల్లెల నుంచి వచ్చినవి. ఆ పల్లెల్లో ఆడవాళ్లు బంగారం పెట్టుకుని ఊళ్లోకి వస్తే సహించని పెత్తందార్లు ఒకప్పుడు చాలాచోట్ల ఉండేవారు. అలాంటిది, పెట్టుకునే రోజులు వచ్చాక వీళ్లే వదిలేశారు. 'లేక పెట్టుకోకపోవడం వేరే, ఉండి వదిలేయడం వేరే' అనేది నాయనమ్మ. ఆ మాటలో ఎంత ఆత్మాభిమానం ఉందో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. కట్నాల్లో తులాల లెక్క తగ్గింది. బంగారం తాకట్టు పెట్టి, విడిపించుకోలేక ఏడ్చిన ఇల్లు మా పేటలో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. భర్త పోయిన స్త్రీ నుదుటి బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టే ఆచారం మన ఊళ్లలో ఎంత క్రూరంగా జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. బావగారు పోయిన రోజు అక్క దగ్గరికి అలా ఎవరూ రాలేదు. అక్క ఒంటిమీద తీయడానికి ఏమీ లేదు. పెళ్లినాడు ఎలా ఉందో ఆ రోజూ అలాగే ఉంది. ఆరాధనలో భర్త ఉన్న ఆవిడా, లేని ఆవిడా ఒకే వరసలో ఒకేలా కూర్చుంటారు. చూసి ఎవరూ పోల్చలేరు.

'మీ నాన్న పోయినప్పుడు నా మీంచి ఎవరూ ఏమీ ఊడబీకలేదే. ఆ గౌరవం ఈ బోసి ఒంటివల్లే నాకు దక్కింది. నువ్వేమో దానిమీద గీతలు గీయించుకొచ్చావు' అంది అక్క కూతురితో. పిల్ల దగ్గర అప్పుడు జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇద్దరి దుఃఖం ఒకటే. తల్లికి ఒంటిమీద ఏమీ లేకపోవడమే ఓదార్పు అయింది. కూతురికి ఒక గుర్తు ఉండటం ఓదార్పు అయింది.

గిటారు అబ్బాయి చెయ్యి

అక్క భయపడ్డట్టే రెండు వారాలకు విషయం సంఘంలో తెలిసింది. 'కొన్నాళ్లు సండే స్కూలుకు రావద్దని చెప్పండి, చిన్నపిల్లలు చూస్తే బాగుండదు' అని పెద్దలు కబురు పెట్టారు. పిల్ల చాలా బాధపడింది. నాన్న పోయాక దాన్ని మామూలు మనిషిని చేసింది ఆ పిల్లలే. సెలవులకొచ్చినప్పుడల్లా పాతిక మందిని కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది, పాటలు నేర్పేది.

అప్పుడు అక్కే... అవును, తీయించేసుకోమన్న అక్కే... పాస్టరుగారికి ఫోన్ చేసి ఒక మాట అడిగింది. 'అయ్యగారూ, మా పిల్ల చేసింది నాకూ నచ్చలేదు. కానీ గిటారు వాయించే అబ్బాయి చేతిమీద సింహం బొమ్మ ఏడాది నుంచి ఉంది. చొక్కా చేతులు మడిచి మరీ వాయిస్తాడు. వాడికి లేని లేవీయకాండం మా పిల్లకెక్కడి నుంచి వచ్చింది?'

అసలు కిటుకు ఇక్కడే ఉంది. సంఘం పవిత్రతంతా ఆడపిల్లల చెవుల్లో, ముక్కుల్లో, చేతుల్లోనే ఉందనుకుంటాం. మగపిల్లాడు ఏం చేసినా 'వయసు, మారతాడు' అంటాం. ఒక్క క్రైస్తవుల సంగతే కాదిది. ఏ మతంలోనైనా ఇంటి పరువు మోసే పని ఆడపిల్లదే. చెవులు కుట్టించే ఇళ్లలో మాత్రం పిల్లను అడిగి కుట్టిస్తున్నారా? ఏడాది నిండని పసిదాని చెవిలో తీగ దిగుతుంటే చుట్టూ నిలబడి చప్పట్లు కొడతాం. కుట్టించాలన్నా, కుట్టించకూడదన్నా నిర్ణయం పెద్దవాళ్లదే, ఒళ్లు మాత్రం పిల్లది.

తర్వాతి ఆదివారం సాయంత్రం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. పిల్లను చెయ్యి చూపించమన్నారు. అక్షరాలు చూసి 'ఇది మీ నాన్నగారి దస్తూరీ కదూ' అన్నారు. బావగారు చాలా ఏళ్లు సంఘం లెక్కల పుస్తకం రాశారు. ఆ రాత పాస్టరుగారికి బాగా అలవాటు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేముందు చెప్పారట... 'పొడిపించుకోమని నేనెవరికీ చెప్పను. పొడిపించుకున్నవాళ్లను పొమ్మనీ చెప్పలేను. నువ్వు పిల్లలకు చెప్పే పాఠంలో తేడా వస్తే అప్పుడు మాట్లాడతా.'

దసరా సెలవులకు వచ్చినప్పుడు పిల్ల మళ్లీ సండే స్కూల్లో కూర్చుంది. ఒక కుటుంబం తమ పిల్లల్ని పంపడం మానేసింది. ఇద్దరు పెద్దలు ఇప్పటికీ ముభావంగానే ఉంటారు. గిటారు అబ్బాయి చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. అంతకుమించి ఏమీ మారలేదు.

సూది దిగేముందు

ఈ వ్యవహారం తర్వాత తెలిసిన అమ్మాయిలు చాలామంది నన్ను అడిగారు, 'అక్కా, పొడిపించుకోవచ్చా?' అని. ముక్కు కుట్టించుకోవచ్చా, చెవి పైభాగంలో కుట్టించుకోవచ్చా అని అడిగినవాళ్లూ ఉన్నారు. నేను పాస్టరమ్మను కాను, డాక్టర్నీ కాను. తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఒంటి సంగతి. టాటూ సూది పైచర్మం దాటి లోపలి పొరలోకి దిగుతుంది. అందుకే చెరగదు. సూది శుభ్రంగా లేకపోతే హెపటైటిస్ బి, సి లాంటివి సోకే ప్రమాదం ఉంది. తిరునాళ్లలో ఒకే సూదితో పదిమందికి పొడిచేచోట చెయ్యి చాపకండి. మీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ విప్పమని అడగండి. చెవి తమ్మె మానినంత సులువుగా చెవి పైభాగంలోని మృదులాస్థి మానదు, అక్కడ చీము పడితే చెవి ఆకారమే మారిపోవచ్చు. దెబ్బ తగిలినచోట మచ్చ ఉబ్బి గట్టిపడే ఒంటితత్వం ఉన్నవాళ్లు రెండుసార్లు ఆలోచించుకోవాలి. టాటూ వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం వద్దంటారు. సైన్యంలో చేరాలన్న ఆశ ఉంటే ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప మరెక్కడా శాశ్వతమైన టాటూ ఉండకూడదన్న నిబంధన ఉంది. లేజర్‌తో తీయించుకోవచ్చు కదా అంటే... ఒక్కసారితో పోదు, చాలాసార్లు తిరగాలి, ఖర్చూ నొప్పీ వేయించుకున్నప్పటికంటే ఎక్కువ. అయినా పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

తర్వాత మనసు సంగతి. ఎందుకు అన్నది మిమ్మల్ని మీరే అడగండి. స్నేహితురాలు వేయించుకుందనా? ప్రేమించినవాడు తన పేరు పొడిపించుకోమన్నాడనా? అమ్మానాన్నల మీద కోపంతోనా? అయితే ఆగండి. పేరు పొడిపించుకుంటేనే ప్రేమ ఉన్నట్టు అనేవాడు మీ చేతిమీద యజమాని గుర్తు వేస్తున్నాడు. లేవీయకాండం వద్దన్నది అక్షరాలా అదే. సిలువ వేయించుకుంటే భక్తి పెరుగుతుందనుకుంటే అదీ ఆలోచించాలి. సిలువ బొమ్మ ఉన్న చేత్తో పనిమనిషి మీద చెయ్యెత్తితే చూసేవాళ్లు ఎవరిని అనుకుంటారు?

క్రైస్తవ అమ్మాయిలకు ఇంకొక్క మాట. అన్నీ చేసే స్వేచ్ఛ ఉన్నా అన్నీ మేలు చేయవని కొరింథీయులకు పౌలు రాశాడు. స్వేచ్ఛ గురించి రాసినవాడే బలహీనమైన మనసున్న సహోదరుణ్ని నొప్పించొద్దనీ రాశాడు. మీ చెయ్యి మీదే కావచ్చు, దాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకునే తల్లీ మీదే. ఆవిడతో ముందే కూర్చుని మాట్లాడటం వల్ల స్వేచ్ఛ తగ్గదు. మా పిల్ల ముందే చెప్పి ఉంటే అక్క ఒప్పుకునేది కాదు, నిజమే. కానీ ఆ బైబిల్ పేజీని తల్లీకూతుళ్లు కలిసి చూసుకునేవారు. ఆ దస్తూరీ అక్కకు కూడా భర్త దస్తూరీయే కదా!

తల్లిదండ్రులకూ, సంఘ పెద్దలకూ అడగాల్సింది ఒకటుంది. ఆడపిల్ల చేతిమీద గుర్తు కనపడగానే వచనం సంఖ్య చెప్పేముందు అది ఏమిటో చదవండి. ఎందుకని అడగండి. మగపిల్లాణ్ని అడగనిది ఆడపిల్లను అడక్కండి. వద్దని నేర్పడం మీ బాధ్యత, కాదనను. ఇంట్లోంచి, సంఘంలోంచి వెళ్లగొట్టడం మాత్రం మీకెవరూ అప్పగించలేదు. పచ్చబొట్టు చేతులతో వచ్చిన మన నాయనమ్మల్ని అమ్మమ్మల్ని ఈ సంఘాలు ఏమీ అడగకుండానే లోపలికి రానిచ్చాయి. మనవరాళ్ల దగ్గరకొచ్చేసరికి గుమ్మం దగ్గర ఆపడం న్యాయం కాదు.

అక్క కూతురు ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. సంబంధాలు చూస్తున్నారు. మొదటి ఫోన్‌లోనే అక్క అవతలివాళ్లకు చెప్పేస్తోంది, 'మా అమ్మాయికి చెవులు కుట్టించలేదండీ, చేతిమీద మాత్రం టాటూ ఉంది, వాళ్ల నాన్న రాత' అని. ఇద్దరు ముగ్గురు వెనక్కు తగ్గారు. 'తగ్గితే తగ్గనీ, దాచి చేయడం కంటే నయం' అంటోంది. టాటూ అక్కకు ఇప్పటికీ నచ్చలేదు. తీయించేసుకోమని అనడం మాత్రం మానేసింది.